ప్రేమ విందు

నంద్యాల,
19 జనవరి 1958.

వదినకు ప్రేమ రాసేది,

ఉత్తరం ఆలస్యమైందని తిట్టుకుంటూ ఉంటావు. తిట్టుకో. హాస్టల్లో నాకు జడలు వేసిన రోజుల నుంచీ నీ తిట్లు నాకు అలవాటే. మా అన్నను కట్టుకుని వదినవయ్యాక నీకు వాటి మీద హక్కు కూడా వచ్చింది.

ఉద్యోగం బాగుంది. మా పనిని ఆహార సర్వే అంటారు. ఒక్కో ఇంటికి మూడు రోజుల పాటు వంట పూటలకు వెళ్లి, పొయ్యి మీదికి ఎక్కే ప్రతి వస్తువునూ ముందుగా త్రాసులో తూచి రాసుకోవాలి. జొన్నలు, పప్పు, నూనె, చివరికి ఉప్పు కూడా. దాన్నిబట్టి మనిషికి ఎన్ని క్యాలరీలు, ఎంత మాంసకృత్తులు అందుతున్నాయో లెక్క కడతాం. ఆ లెక్కలో మగమనిషి ఒక పాలు, ఆడమనిషి అంతకన్నా తక్కువ పాలు. నవ్వకు, పుస్తకంలో అలాగే ఉంది.

దొరల కాలంలో కరువు ముంచుకొచ్చాక గంజి కేంద్రాలు తెరిచేవాళ్లు. ఇప్పుడు మన ప్రభుత్వం ముందే తూచి చూసి, పిల్లలకు ఏది తక్కువైందో అది పెట్టాలని ప్రణాళిక వేసుకుంది. ఓడల మీద పాలపొడి వస్తోంది. మైసూరులో శాస్త్రవేత్తలు నూనె తీశాక మిగిలిన వేరుశెనగ బుడ్డల చెక్కను శుభ్రం చేసి పిండి పడుతున్నారు. మనం ఎద్దులకు వేసే ఆ చెక్కలో కందిపప్పుకు మించిన బలం ఉందట. దాంతో జావ కాచి పిల్లలకు పోస్తారు.

అసలు సంగతి ఇది. మీ వైపు ఒకే ఒక చోట బాలభోజన కేంద్రం ఇస్తారు. వచ్చే నెలలో సర్వేకు ఆళ్లగడ్డలో మన పేటకే వస్తున్నాం. నీ బిడ్డ దెబోరా కాళ్లకు నీరు దిగుతోందని రాశావు. కేంద్రం మనకు వస్తే దానికి రోజూ గిన్నెడు పాలు, గిన్నెడు జావ దొరుకుతాయి.

మా పై ఆఫీసరు రామేశ్వరమ్మ గారు కూడా వస్తున్నారు. మద్రాసులో చదువుకున్న మనిషి, నన్ను బాగా చూసుకుంటారు. ఆమె ముందు మన పేట పరువుగా కనిపించాలి వదినా. అమ్మకు కూడా ఈ మాట చెప్పు.

ప్రేమ.

*

ఆళ్లగడ్డ,
2 ఫిబ్రవరి 1958.

ప్రేమకు,

ఆడమనిషి తక్కువ పాలన్న మాట మీ అన్నకు చదివి వినిపించాను. బుడ్డల చేలో ఎవరి నడుము ఎక్కువ వంగుతుందో తెలిసిన మనిషే గదా, ఏమంటాడో చూద్దామని. "లెక్క సరిగ్గానే ఉండాది" అన్నాడు. ఆ పూట ఆయనకే తక్కువ పాలు వడ్డించాను.

నీ ఉత్తరం సంగతి ఆదివారం ఆరాధన అయ్యాక పేటలో అందరికీ చెప్పాను. పెద్ద సభే జరిగింది. గుడిలో వాక్యం చెప్పే మా జకరయ్య ఉపదేశి లేచి, "బడికి ఇనస్పెక్టరు వస్తే ఏం జేస్తాం? గోడలకు సున్నం కొడతాం, చదివే పిల్లోల్లను ముందర కూసోబెడతాం. అట్ల జేస్తేనే గదా గ్రాంటు వచ్చేది. ఇదీ అంతే" అన్నాడు. బడిలో పాఠాలు చెప్పేదాన్ని కాబట్టి నాకూ ఆ మాట సబబుగానే తోచింది. పోయిన ఏడు మేం చేసింది అదే.

అత్త అయితే ఇంకెవరినీ మాట్లాడనియ్యలేదు. "నా బిడ్డ పై ఆఫీసరమ్మను పిల్చుకొని వచ్చాంటే సంగటి, గొడ్డుకారం ముందర పెట్టమంటారా? దాని మొగం యాడ పెట్టుకుంటాది?" అని అందరినీ నిలదీసింది. వరి బువ్వ వండాలని నిర్ణయం అయిపోయింది. బియ్యం ఎక్కడివి అంటావా? ఈస్టర్‌కు పేటంతా కలిసి తినే ప్రేమ విందు కోసం ఇంటింటా కూడబెట్టిన బియ్యం గుడిలో కుండల్లో ఉన్నాయి. వాటినే పంచుకుంటారట. ప్రేమ విందు ఈసారి నిజంగా ప్రేమకే పెడుతున్నామని పిల్లలు పాట కట్టి పాడుతున్నారు.

మీ అన్న ఇస్సాకు ఒక్కడే అడ్డం చెప్పాడు. "తినేది తూయను వచ్చాండారు. తినంది తూయిస్తే ఏం లాభం?" అన్నాడు. ఆయన మాట ఎవరు వింటారు.

నాకూ ఆ మాట మనసులో మెదులుతూనే ఉంది. నువ్వు లోపలి సంగతులు తెలిసినదానివి. మేం చేసేది తప్పయితే ఒక్క కార్డు ముక్క రాయి చాలు. బియ్యం తిరిగి కుండల్లో పోసేస్తాం.

రూతు.

*

నంద్యాల,
9 ఫిబ్రవరి 1958.

వదినకు,

నీ జాబు అందింది. ఊపిరాడని పని, అందుకే నాలుగు ముక్కలతో సరిపెడుతున్నాను. వచ్చే సోమవారం జీపులో బయలుదేరుతున్నాం. రామేశ్వరమ్మ గారికి పచ్చిమిరపకాయ పడదు. తాగే నీళ్లు కాచి చల్లార్చి ఉంచండి. దెబోరాకు కొత్త గౌను తెస్తున్నాను.

బియ్యం గురించి అడిగావు. అక్కడ పెద్దలున్నారు, మీకు ఎలా తోస్తే అలా చేయండి.

ఇంకొక సంగతి. ఇక్కడి వాళ్లు మా నాయన బడిపంతులనీ, మా ఇల్లు ఊళ్లో అంగడి వీధిలోనే అనీ అనుకుంటున్నారు. నేను చెప్పింది కాదు. వాళ్లే అనుకున్నారు, నేను కాదనలేదు. నేను అద్దెకున్న ఇంటివాళ్ల సంగతి నీకు తెలుసు. మాది ఊరి బయటి పేట అన్న నిజం తెలిస్తే ఆ పూటే సామాను వీధిలో పెడతారు. అందుకని, నేను వచ్చినప్పుడు అమ్మ నన్ను ప్రేమా అని పిలవకుండా చూడు. మూడు రోజులే. తరువాత నేనే అన్నీ సర్దుకుంటాను. నువ్వు అర్థం చేసుకుంటావని నాకు నమ్మకం.

ప్రేమ.

*

ఆళ్లగడ్డ,
10 ఏప్రిల్ 1958.

మ్యాడమ్ ప్రేమకుమారి గారికి,

ఇలా పిలిస్తేనే నీకు బాగుంటుందేమో. ఇన్నాళ్లు రాయలేదంటే చేయి నొప్పి కాదు, కోపం. ఇప్పుడు కాస్త తగ్గింది.

నువ్వు మన గడపలో నిలబడి, "ఏమ్మా, నీ పేరేంటి?" అని కన్నతల్లిని అడిగావు. అత్త ఏమాత్రం తడబడలేదు. "హన్నమ్మ అంటారు మ్యాడమ్. లోపలికి రాండి, కూసోండి" అంది. ముందురోజంతా ఆ మాట నాకు ఒప్పజెబుతూనే ఉంది. దెబోరాకు మాత్రం ఎవరు నేర్పుతారు? అత్తా అంటూ నీ మీదికి ఉరికింది. మీ అమ్మ దాని రెక్క పట్టుకుని లాగి, "అత్త గాదు పాపా, ఆమె మ్యాడమ్ గారు" అంది. బిడ్డ బిత్తరపోయి చూసింది. నువ్వు త్రాసు సరిచేసుకుంటూ ఉండిపోయావు.

జకరయ్య ఇంటి ఇత్తడి బిందె నీకు కనిపించే ఉంటుంది. ఆ మూడు రోజులు మీరు ఏ ఇంటికి వెళితే ఆ ఇంటికి, మీకన్నా ముందు వెనక గోడ మీదుగా అదే వచ్చేది. దానికి దొరికినంత తిరుగుడు పేటలో ఎవరికీ దొరకలేదు. మీ ఆఫీసరమ్మ పోయేటప్పుడు, "చాలా బాగా తింటున్నారమ్మా, సంతోషం" అంది. జకరయ్య మురిసిపోయాడు. పరీక్ష పాసయ్యామనే అనుకున్నాం.

మీ జీపు పోయాక నేను అత్తను చూడలేక పెరట్లోకి పోయాను. ఆమె మాత్రం ఇరుగుపొరుగుతో, "త్రాసు మీద నా బిడ్డ చెయ్యి ఎట్ల తిరిగిందో చూస్తిరా?" అని చెప్పుకుంటోంది. ఆమెకు నీ మీద కోపం రాలేదు. ఆ కోపం కూడా నేనే పడాల్సి వచ్చింది.

మొన్న ఈస్టర్‌కు సంగటి, గోగాకుతోనే ప్రేమ విందు జరుపుకున్నాం. ఎవరూ బాధపడలేదు. కేంద్రం వస్తే రోజూ విందేనని జకరయ్య సర్దిచెప్పాడు. ఎప్పుడు వస్తుందో కనుక్కుని రాయి. దెబోరా ముఖం కూడా ఉబ్బుతోంది.

రూతు.

*

నంద్యాల,
21 మే 1958.

ప్రియమైన వదినకు,

నువ్వు ఎంత తిట్టినా పడతాను. ఆ మూడు రోజుల గురించి ఇప్పుడు ఏమీ రాయలేను. ఎదురుగా కూర్చుని చెబుతాను.

బస్సు కండక్టరు చేతికి పాలపొడి డబ్బా ఇచ్చి పంపుతున్నాను. కాచి చల్లార్చిన నీళ్లలో కలిపి దెబోరాకు పట్టు. ఎండలు మండిపోతున్నాయి, దాన్ని బయట తిప్పకు.

కేంద్రం సంగతి పై నుంచి ఇంకా ఏమీ తెలియలేదు. తెలిసిన వెంటనే రాస్తాను. అమ్మకు నా వందనాలు.

ప్రేమ.

*

ఆళ్లగడ్డ,
27 జులై 1958.

ప్రేమకు,

నువ్వు రాయకపోయినా తెలిసింది. అహోబిలం దారిలో ఒక ఊళ్లో కేంద్రం తెరిచి నెల దాటిందట. జకరయ్య వెళ్లి చూసి వచ్చాడు. పిల్లలు వరసగా కూర్చుని జావ తాగుతున్నారట. మాకెందుకు ఇవ్వలేదని గ్రామసేవకుణ్ణి అడిగితే, "మీ పేటోళ్లు బాగా తింటాండారని కాగితాల్లో ఉండాది గదప్పా. తక్కువ తినేటోళ్లకే గదా కేంద్రం ఇచ్చేది" అన్నాడట. జకరయ్య ఇంటికి వచ్చి గోడవైపు తిరిగి పడుకున్నాడు. ప్రేమ విందు బియ్యం తీయించింది తనేనని, తన నోరు పడిపోవాలని తిట్టుకుంటున్నాడు.

నేను నీ పాత ఉత్తరాలు మళ్లీ చదివాను. తక్కువ తినే చోటికే కేంద్రం అన్న మాట వాటిలో ఎక్కడా లేదు. పరువు అన్న మాట మాత్రం ఉంది.

మూడు వారాల కిందట దెబోరాను నంద్యాల మిషన్ ఆసుపత్రికి తెచ్చాము. జుట్టు ఎర్రబడింది, చర్మం పొరలు పొరలుగా లేచిపోతోంది, ఏడవడానికి కూడా ఓపిక లేదు. డాక్టరమ్మ చూసి, దీనికి మందు కాదు, తిండి కావాలంది. మీ దగ్గర పాల కేంద్రం లేదా అని అడిగింది. ఏం చెప్పమంటావు? నువ్వు పంపిన డబ్బా ఎప్పుడో అయిపోయింది. వీధిలో ఇంకో ఇద్దరు పిల్లలు అలాగే ఉంటే, మన బిడ్డకే ఎలా పోస్తాను?

ఆసుపత్రిలో పదిహేను రోజులున్నాం. మీ ఆఫీసు వీధి గుండానే రోజూ వెళ్లి పళ్లు కొనుక్కొచ్చేదాన్ని. లోపలికి రాలేదు. ఎవరని అడిగితే నేనేం చెప్పాలో నువ్వు నాకు నేర్పలేదు గదా.

బిడ్డ బతికింది. ఇప్పుడు గోడ పట్టుకుని నిలబడుతోంది. ఆ మిగతా ఇద్దరి సంగతి ఏమవుతుందో నాకు తెలియదు.

రూతు.

*

నంద్యాల,
10 ఆగస్టు 1958.

వదినకు,

నాకు తెలుసు. మొదటి ఉత్తరం రాసేటప్పుడే తెలుసు. ఎక్కడ తిండి తక్కువో అక్కడికే కేంద్రం. ఆ ఒక్క వాక్యం రాసి ఉంటే మీరు రోజూ తినేదే వండేవాళ్లు. అది వండితే రామేశ్వరమ్మ గారు మన ఇంటిని ఎలా చూస్తారోనని భయపడి ఆ వాక్యం రాయలేదు. కార్డు ముక్క రాయమని నువ్వు అడిగినప్పుడు ఇంకొక అవకాశం వచ్చింది. అప్పుడూ తప్పించుకున్నాను. అమ్మ ఆ బియ్యాన్ని నా త్రాసులో పోసినప్పుడు నేను ఆమె ముఖం చూడలేదు, త్రాసు ముల్లునే చూశాను. ఆ అంకెలు కూడి, మన పేట బాగా తింటోందని రాసింది కూడా నా చేతే. మేలో నీకు రాసింది అబద్ధం. కేంద్రం మనకు రాదని అప్పటికే తెలుసు. నా మీద నాకే అసహ్యంగా ఉంది వదినా.

నీ ఉత్తరం అందిన రోజే రామేశ్వరమ్మ గారి గదిలోకి వెళ్లి అంతా చెప్పాను. హన్నమ్మ మా అమ్మ అని చెప్పాను. ఆమె మన పేట కాగితాలు తీసి ముందర పెట్టుకున్నారు. తరువాత, "ఆ ఇత్తడి బిందెను నేను మూడిళ్లలో చూశాను ప్రేమకుమారీ. చూసి కూడా అడగలేదు. అంకెలు బాగుంటే పైవాళ్లు సంతోషిస్తారు. నాకూ అదే కావలసింది" అన్నారు. ప్రణాళికలన్నీ ఇలాంటి అంకెల మీదే నిలబడి ఉంటే మనం ఎవరికి తిండి పెడుతున్నట్టని నన్నే అడిగారు.

సర్వే మళ్లీ చేస్తామని పైకి రాశారు. నన్ను ఊళ్లకు వెళ్లే పని నుంచి తీసేశారు. ఇప్పుడు కాపీలు రాస్తున్నాను. అది న్యాయమే. ఇంటివాళ్లు ఖాళీ చేయమన్నారు, మిషన్ హాస్టల్లో చేరాను.

ఈసారి రామేశ్వరమ్మ గారే వేరే వాళ్లతో వస్తారు. మీరు రోజూ తినేదే వండాలి. లేని పూట పొయ్యి వెలిగించకూడదు. పరువు చూపించమని రాసిన చేత్తోనే ఇప్పుడు దాన్ని పక్కన పెట్టమని రాస్తున్నాను. అమ్మకు ఈ మాట ఎలా చెబుతావో నాకు తెలియదు. నేను ఆఫీసులో చెప్పుకున్న సంగతి మాత్రం ఆమెకు నేను వచ్చి చెప్పేదాకా చెప్పకు. నా నోటితోనే చెప్పాలి.

ప్రేమ.

*

ఆళ్లగడ్డ,
13 అక్టోబరు 1958.

ప్రేమకు,

మీ ఆఫీసరమ్మ వచ్చి వెళ్లింది. జరిగింది జరిగినట్టు రాస్తాను.

మొదట పేటలో ఎవరూ ఒప్పుకోలేదు. "కరువులో గంజి కేంద్రం ముందర చిప్పలు పట్టుకొని నిలబడితిమి. మళ్లా ఖాళీ కుండలు సూపిచ్చి నిలబడమంటారా? ఆపొద్దు వరి బువ్వ తింటామంటిమి, ఈపొద్దు లేదంటే నవ్వరా?" అన్నారు. జకరయ్య తల దించుకున్నాడు. చివరికి మీ అమ్మే లేచింది. "ముందు మా ఇంటికి రమ్మను. నా కుండలో ఏముంటే అది తూసుకోనీ. నవ్వితే నన్ను జూసి నవ్వుతారు" అంది.

ఆమె అన్నట్టే చేసింది. జొన్న సంగటి, గొడ్డుకారం, నీళ్లు ఎక్కువైన మజ్జిగ. రెండో రోజు రాత్రికి ఏమీ లేదు. పొయ్యి వెలిగించలేదు. ఆఫీసరమ్మ ఏమీ అడగకుండా రాసుకుంది. హన్నమ్మ ఇల్లు చూశాక మిగతా వాళ్లు కూడా తలుపులు తీశారు. అంకెలు చూస్తే కేంద్రం తప్పకుండా ఇవ్వాల్సి వస్తుందని ఆమె నాతో చెప్పి వెళ్లింది.

ఇంతవరకు మంచిదే. మూడో రోజు ఆఖర్న, ఇంట్లో ఎవరెవరున్నారు, బయట చదువులకో ఉద్యోగాలకో వెళ్లిన బిడ్డలున్నారా అని ఆఫీసరమ్మ అందరినీ అడిగినట్టే అత్తనూ అడిగింది.

"ఒక్కడే కొడుకమ్మా. ఆడబిడ్డలు లేరు" అంది అత్త.

ఆఫీసరమ్మ కలం కింద పెట్టింది. "ప్రేమకుమారి మీ అమ్మాయి కాదా?" అని మెల్లగా అడిగింది.

"ఆ మ్యాడమ్ ఒకసారి వచ్చింది. మంచిది. మా ఇంటికి, ఆమెకు ఏం సంబంధం లేదమ్మా. ఆమెను ఏమీ అనొద్దండి" అంది మీ అమ్మ. చేతులు జోడించి మరీ చెప్పింది. ఆఫీసరమ్మ చప్పున లేచి బయటికి వెళ్లి, జీపు పక్కన అటు తిరిగి నిలబడింది.

వాళ్లు వెళ్లాక నీ మాట పక్కన పెట్టి అత్తకు అంతా చెప్పేశాను. తిట్టుకుంటే తిట్టుకో. ఆమె, "చెప్పుకునిందా? అమ్మనని చెప్పుకునిందా?" అని అడిగింది. అవునన్నాను. "అయితే అది నన్ను అమ్మ అనింది, నేను బిడ్డ లేదంటి" అంది.

నిన్న ఆదివారం గుడిలో ప్రభు బల్లకు, రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడానికి అందరూ లేచారు. ఆమె లేవలేదు. ఎందుకు లేవవమ్మా అని పాదిరి అయ్యగారు పిలిచినా, "బిడ్డను లేదన్న నోటితో తీసుకోలేనయ్యా" అని తల అడ్డంగా ఊపింది. నేను ఎంత చెప్పినా వినడం లేదు. నా మాటతో అయ్యే పని కాదు ఇది.

రూతు.

*

నంద్యాల,
16 అక్టోబరు 1958.

అమ్మకు,

ఇన్నేళ్లలో నీ పేరు మీద ఉత్తరం రాయడం ఇదే మొదలు. నీకు చదువు రాదని వదినకే రాస్తూ వచ్చాను. దీన్ని నీకు మెల్లగా, పేటలో అందరూ వినేటట్టు గట్టిగా చదవమని వదినకు చెబుతున్నాను.

నువ్వు నన్ను లేదనలేదమ్మా. లేదనమని నేనే నీకు నేర్పాను. మన గడపలో నిలబడి నీ పేరు అడిగింది నేను. కన్నతల్లి చేత మ్యాడమ్ అని పిలిపించుకుని, అలాగే కూర్చుని త్రాసు పట్టుకున్నది నేను. నువ్వు నేర్చుకున్న పాఠాన్ని మరిచిపోకుండా ఒప్పజెప్పావు, అంతే. ఆ పాపం నీది కాదు, దాన్ని నీ నెత్తిన వేసుకోవద్దు.

శనివారం మధ్యాహ్నం బస్సుకు వస్తున్నాను. జీపులో కాదు. బస్సు దిగి అంగడి వీధిలోంచి నడుచుకుంటూ వస్తాను. ఎవరింటికని ఎవరైనా అడిగితే ఆగి చెబుతాను. దెబోరాకు నన్ను ఏమని పిలవాలో నేను చెప్పను, దానికి ఎలా పిలవాలనిపిస్తే అలా పిలుస్తుంది.

ఆదివారం గుడిలో నీ పక్కనే కూర్చుంటాను. ప్రభు బల్లకు నువ్వు లేస్తేనే నేనూ లేస్తాను. నువ్వు కూర్చుంటే నేనూ కూర్చుంటాను.

ఇట్లు,
హన్నమ్మ కూతురు
ప్రేమకుమారి.